నమూనా తయారీలో రాలిన చోట్లు

ఆమెను ల్యాబులో అందరూ పలకక్క అంటారు. రాతిని పలుచగా అరగదీసి గాజు పలక మీద నిలబెట్టడం ఆమె పని కాబట్టి ఆ పేరు వచ్చింది. పిలిస్తే ఒక పట్టాన పలకదు కాబట్టి వచ్చిందని గిట్టనివాళ్ళు అంటారు. రెండూ నిజమే. అరగదీసే చక్రం తిరుగుతున్నంతసేపూ ఆమె ఎవరికీ పలకదు. చక్రం మీద రాయి చేసే చప్పుడు సన్నబడుతూ వస్తుంది. ఆ చప్పుడులోనే ఆమెకు రాయి మందం తెలుస్తుంది. మధ్యలో ఎవరైనా కదిలిస్తే ఆ లెక్క తప్పుతుంది.

ఇరవై మూడేళ్ళ వయసులో ఆమె అక్కడ రాళ్ళు కడిగే పనికి చేరింది. అప్పట్లో పలకలు చేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయనకు చూపు మసకబారుతోంది. ఆ సంగతి పైవాళ్ళకు తెలియకుండా ఉండాలంటే పక్కన ఒక జత మంచి కళ్ళు కావాలి. "అమ్మాయ్, ఇది ఏ రంగులో కనిపిస్తోందో చెప్పు" అని ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టేవారు. పలుగురాయి పసుపుగా మెరిస్తే ఇంకా మందంగా ఉన్నట్టు. లేత బూడిద రంగుకు తిరిగితే సరిపోయినట్టు. అక్కడ ఆపాలి. ఆ మందం ముప్పై మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో సగం కూడా ఉండదు. ఇంకో నాలుగు తిప్పులు ఎక్కువ తిప్పితే రాయి ఉండదు, ఉత్త గాజే మిగులుతుంది. అలా రంగులు చెబుతూ చెబుతూ ఆమె పని నేర్చుకుంది. పెద్దాయన రిటైరయిన రోజున ఆయన కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నే రాలేదు. అప్పటికే ఆమె ఆ కుర్చీకి ఎదురుగా మూడేళ్ళుగా ఆయన పనంతా చేస్తోంది.

ఈ కథ జరిగేనాటికి ఆమెకు యాభై నిండాయి. భర్త ఊరి నీటి సరఫరాలో పంపుల మెకానిక్. అత్తగారు వాళ్ళతోనే ఉండేది. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆవిడకు లోకమంతా కొత్తగా కనిపించడం మొదలై, కనిపించిన ప్రతిదాని మీదా ఒక మాట అనేది. కోడలి ఉద్యోగం మీద ఎప్పుడూ ఒకటే మాట: "గంధం అరగదీస్తే వాసనైనా వస్తుంది. రాయిని అరగదీస్తే ఏం వస్తుందమ్మా?"

"జీతం వస్తుంది అత్తయ్యా" అనేది కోడలు.

ఆ ఏడాది ఊరికి నీళ్ళు తేవడానికి కొండలోంచి సొరంగం తవ్వాలని నిర్ణయించారు. తవ్వే దారి పొడవునా పదిహేడు చోట్ల కొండకు నిలువునా బోరు వేసి, స్తంభాల్లాంటి గుండ్రటి రాతి ముక్కల్ని పైకి తీశారు. అవి చెక్కపెట్టెల్లో ల్యాబుకు వచ్చాయి. ఆ రాతిలో పగుళ్ళున్నాయి. పగుళ్ళలో తెల్లటి ఖనిజం పేరుకుని ఉంది. ఎన్నో లక్షల ఏళ్ళ కిందట వేడినీళ్ళు ఆ పగుళ్ళలో పారుతూ, తమలో కరిగిన పలుగురాయినీ కాల్సైటునీ అక్కడ వదిలి వెళ్ళాయి. ఆ పూతను ల్యాబులో సిమెంటు అంటారు. ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు అత్తగారు నివ్వెరపోయింది.

"కొండ లోపల సిమెంటు ఎవరు పోశారే?"

"ఎవరూ పోయలేదు. దానంతటదే అతుక్కుంది."

"మన వంటింటి గోడ పగులు కూడా దానంతటదే అతుక్కుంటుందేమో చూద్దాం. నీ మొగుడు అలాగే అనుకుంటున్నాడు."

సొరంగం కట్టేవాళ్ళు అడిగిన ప్రశ్న చిన్నదే. పగుళ్ళు పూర్తిగా పూడిపోయాయా, లేక పూతలో సందులు మిగిలాయా? పూడిపోతే నీళ్ళు రావు, సొరంగం గోడకు పైపైన పూత చాలు. సందులుంటే ఆ సందుల్లోంచి కొండలోని నీరంతా మీద పడుతుంది. అప్పుడు ఆ మేర గట్టి గోడ కట్టాలి, ముందే కట్టాలి. ఆ సందులు కంటికి కనిపించేవి కావు. రాతి పలక చేసి, మైక్రోస్కోపు కింద వందల ఫొటోలు తీసి, వాటిని ఒకదానికొకటి అతికించి పెద్ద బొమ్మగా చేస్తేగాని తెలియదు.

ఫొటోలు తీసే పని కొత్తగా చేరిన మేడంది. ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. పెద్ద చదువు చదివింది, నెమ్మదస్తురాలు, తప్పు చేస్తానేమోనని ఎప్పుడూ భయపడేది. ఆ భయమే తర్వాత ఆమెతో తప్పు చేయించింది.

ఇలాంటి రాతికి పలక చేసేముందు పాటించాల్సిన పద్ధతి ఒకటుంది. నీలం రంగు కలిపిన జిగురును గాలి తీసేసిన గిన్నెలో రాతిలోకి ఎక్కించాలి. రాతిలో ముందునుంచీ ఖాళీ ఉంటే జిగురు అందులోకి దూరి గట్టిపడుతుంది, పలకలో నీలంగా కనిపిస్తుంది. నీలం ఉంటే ఆ ఖాళీ కొండది. నీలం లేని ఖాళీ ఉంటే అది అరగదీసేటప్పుడు రాలిపోయిన చోటు కావచ్చు. అయితే గాలి తీసే పంపు పాడై ఎనిమిది నెలలైంది. పలకక్క మూడుసార్లు కాగితం రాసి ఇచ్చింది. మొదటి కాగితం పోయింది. రెండోది ఎవరి బల్ల మీదో ఉందన్నారు. మూడోదానికి "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చింది.

ల్యాబు అధికారిని అందరూ పెద్దసారు అనేవారు. ఆమె ఆయన గదికి వెళ్ళి నిలబడింది.

"సార్, పగుళ్ళ రాళ్ళకు నీలం ఎక్కించకుండా పలకలు చేయకూడదు."

"నాకు తెలియదా అక్కా? పంపు లేదు. వాళ్ళకేమో ఆరు వారాల్లో రిపోర్టు కావాలి. నీ చెయ్యి సంగతి నాకు తెలుసు, నీ పలకల్లో ఏదీ రాలదు. కానివ్వు."

ఆయన పొగిడాడనుకుని ఆమె వెనక్కి వచ్చింది. ఆ పొగడ్త తన మెడకే చుట్టుకుంటుందని ఆమెకు అప్పుడు తోచలేదు.

ఐదు వారాల్లో నూట నాలుగు పలకలు చేసింది. పదకొండో బోరు నుంచి వచ్చిన రాళ్ళు ఆమెను ఆపాయి. ఆ రాళ్ళలో పగులు రెండు గోడల నుంచీ పలుగురాయి స్ఫటికాలు ఎదురెదురుగా పెరిగి ఉన్నాయి. కొన్నిచోట్ల అవి కలుసుకుని స్తంభాల్లా నిలబడ్డాయి. స్తంభాల మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీవైపు తిరిగిన స్ఫటికాల ముఖాలు చదునుగా, కొనలు పదునుగా, ఉలితో చెక్కినట్టు ఉన్నాయి. ఆమె ఎన్నో రాలిన చోట్లు చూసింది. రాలిన చోటు అంచు కొరికిన గోరులా ఉంటుంది. ఇది అలా లేదు. ఎదురుగా చోటు ఉండబట్టే ఆ స్ఫటికాలు అంత స్వేచ్ఛగా పెరిగాయి. పదకొండో బోరు పలకల్లో తొమ్మిదింటిలో ఇలాంటి ఖాళీలు కనిపించాయి. ఆ తొమ్మిదింటినీ ఒక ట్రేలో విడిగా పెట్టి, మేడానికి ఇస్తూ ఒక మాట చెప్పింది.

"వీటిని కాస్త జాగ్రత్తగా చూడండి మేడం. సందులున్నాయి."

మేడం తలూపింది. ఏదో రాసుకుంది కూడా.

రిపోర్టు అచ్చయి వచ్చాక, దాంతోపాటు పలకల పెట్టెలు సర్దే పని పలకక్క మీద పడింది. పెట్టె మీద నంబర్లు సరిచూడటానికి పదకొండో బోరు పేజీ తీసింది. అక్కడ ఇలా ఉంది: "పగుళ్ళు ఖనిజపు సిమెంటుతో పూర్తిగా పూడి ఉన్నవి. తొమ్మిది పలకలలో కనిపించిన ఖాళీలు నమూనా తయారీలో రాలిన చోట్లుగా భావించడమైనది."

ఆమె ఆ వాక్యాన్ని నిలబడే మళ్ళీ చదివింది. ఆ ల్యాబులో నమూనాలు తయారుచేసేది ఒక్కరే. పేరు రాయాల్సిన అవసరం కూడా లేదు.

ఆమె నేరుగా మేడం గదికి వెళ్ళింది. మేడం ఆమె చేతిలోని రిపోర్టును చూడగానే లేచి నిలబడింది.

"కూర్చోండి అక్కా."

"ఇది మీరు రాశారా?"

"నేను 'ఖాళీలు ఉండవచ్చు, నీలం లేదు కాబట్టి తేల్చలేం' అని రాశాను. సార్ అలా తేల్చకుండా రాస్తే వాళ్ళు ఒప్పుకోరన్నారు. బోరులో నీళ్ళు పోసి చూసినప్పుడు నీళ్ళు ఇంకలేదట. అయితే ఇవి రాలినవే అయి ఉండాలి కదా అన్నారు. నాకూ..." మేడం ఆగింది. "నాకూ కాదని చెప్పడానికి రుజువు లేకపోయింది."

"అంచులు చూశారా?"

"చూశాను."

"రాలిన అంచులు అలా ఉంటాయా?"

మేడం ఉండవన్నట్టు తల అడ్డంగా ఊపింది. అది పలకక్కను ఆ వాక్యం కంటే ఎక్కువ మండించింది. తెలియక రాసినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు. తెలిసి రాసినవాళ్ళను ఏం చేయాలి?

ఆమె రిపోర్టు పట్టుకుని వెళితే పెద్దసారు నవ్వి కొట్టిపారేయబోయాడు. "పోనీలే అక్కా, నిన్ను ఎవరు తప్పు పట్టారు ఇప్పుడు?"

"రాతపూర్వకంగానే పట్టారు కదా సార్."

"అది మామూలుగా రాసే మాట. ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది."

"ఇన్నేళ్ళలో నా పలకల మీద ఎప్పుడూ లేదు. అయినా నా సంగతి అటుంచండి. సందులు నిజంగా ఉంటే?"

"సరే. ఉన్నాయని రుజువు తీసుకురా. చూద్దాం."

ఆ మాట ఆయన ఆమెను బయటికి పంపడానికి అన్నాడు. ఆమె దాన్ని అనుమతిగా తీసుకుంది.

రుజువంటే దారి ఒకటే. బోరు రాతిని నిలువునా రెండు ముక్కలుగా కోస్తారు. ఒక సగంతో పలకలు చేస్తారు, రెండో సగాన్ని దాచిపెడతారు. ఆ రెండో సగాల్లోంచి అవే తొమ్మిది చోట్ల మళ్ళీ ముక్కలు తీసి, ఈసారి నీలం ఎక్కించి పలకలు చేయాలి. అదీ మామూలు పని అయ్యాక మిగిలిన గంటల్లో. చెప్పడానికి రెండు వాక్యాలు. చేయడానికి ఏడు నెలలు పట్టింది.

ముందు రెండో సగాలే దొరకలేదు. అవి ఆవరణలో రేకుల షెడ్డులో ఉన్నాయి. షెడ్డు తాళం స్టోరు కీపరు దగ్గర ఉంది. అనుమతి కాగితం లేనిదే తాళం ఇవ్వనన్నాడు. కాగితం తెస్తే దాని మీద పెట్టె నంబరు లేదన్నాడు. నంబరు తెలియాలంటే షెడ్డులోకి వెళ్ళి చూడాలి. షెడ్డులోకి వెళ్ళాలంటే నంబరున్న కాగితం కావాలి. ఇలా నాలుగు రోజులు తిరిగాక ఆమె అతని బల్ల ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. గంటన్నర తర్వాత అతనే తాళం తీసుకుని లేచాడు.

"మీతో పడలేం అక్కా. మాట్లాడితే జవాబు చెప్పొచ్చు, మాట్లాడకపోతే ఏం చెబుతాం?"

షెడ్డు పైకప్పు కారి, పెట్టెల మీద రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి. పదకొండో బోరు పెట్టెల్లో ఒకటి పదిహేడో బోరు వరసలో ఉంది. పాత పలకల్లోని పగుళ్ళ గీతల్ని ఈ ముక్కల మీది గీతలతో సరిపోల్చుకుంటూ, తొమ్మిది చోట్లూ పట్టుకునేసరికి మూడు వారాలు పోయాయి.

తర్వాత పంపు. నాలుగో కాగితం రాయడం దండగని ఆమెకు అర్థమైంది. ఒక సెలవు రోజున, కాపలాదారుకు చెప్పి, భర్తను ల్యాబుకు తీసుకొచ్చింది. ఆయన పంపు మూత విప్పి, లోపలి నూనెను గుడ్డతో అద్ది వెలుగులో చూశాడు. నూనె పాలలా తెల్లబడింది.

"దీనికి నూనె మార్చి ఎన్నేళ్ళయింది?"

"మార్చాలని ఎవరికైనా తెలుసా అని అడగండి."

"తడి రాళ్ళు పెట్టి గాలి లాగించారు. నీళ్ళన్నీ నూనెలోకి వచ్చాయి. ఇది పాడవలేదు, దీన్ని పాడుచేశారు." ఆయన చేతులు తుడుచుకున్నాడు. "ఇన్ని నెలలు దీనికోసం కాగితాలు రాశావా? నన్ను అడిగితే రెండు గంటల పని కదా."

"ఆఫీసు పంపును ఇంటాయనతో బాగుచేయించుకోవడం ఏంటని అడగలేదు."

"ఇప్పుడు అదే చేయించావుగా."

ఆ మాటకు ఆమెకు నవ్వు రాలేదు. పంపు పాడైనప్పుడే ఒక్క మాట అడిగి ఉంటే ఆ వాక్యమే పుట్టేది కాదన్న సంగతి ఇంటికి వచ్చేదాకా ఆమెను వదల్లేదు. మర్నాడు పంపు ఆడటం చూసి పెద్దసారు, "చూశావా, నేను చెప్పానుగా, పరిశీలనలో ఉందని" అన్నాడు.

పంపు బాగైంది, జిగురు బాగాలేదు. మొదటిసారి ఎక్కించిన జిగురు వారమైనా గట్టిపడలేదు. వేలు పెడితే బంకలా సాగింది. డబ్బా అడుగున చూస్తే గడువు రెండేళ్ళ కిందటే తీరిపోయింది. కొత్త డబ్బా రావడానికి ఐదు వారాలు. రెండోసారి జిగురు గట్టిపడింది కానీ రాతి పైపొర దాటి లోపలికి పోలేదు. రాళ్ళు సరిగ్గా ఆరలేదు. షెడ్డులో తాగిన తడి ఇంకా వాటిలో ఉంది. తడి సంగతి భర్త చెప్పాడు, ఆమె విన్నది, అయినా తొందరలో ఆరబెట్టకుండా కానిచ్చేసింది. తప్పు తనదే. ఆ రోజు ఆమె పాడైన ముక్కల్ని చెత్తబుట్టలో వేసి, మళ్ళీ తీసి కడిగి పెట్టింది. ఒక్కోచోటి నుంచి ఇంకొక్క ముక్కకు సరిపడా రాయే మిగిలింది.

ఇంట్లో ఆమె వేళ్ళు నీలంగా ఉండేవి. తువ్వాలు నీలమైంది. అత్తగారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"వాళ్ళు కొండను తవ్వి ఎలుకను పడతారో లేదో గానీ, నువ్వు మాత్రం తవ్వకుండానే చిక్కిపోతున్నావు. ఎవరో ఏదో రాశారని ఇంత పట్టుదల ఏమిటమ్మా? అచ్చులో ఉన్నదంతా ఎవరు చదువుతారు?"

"నేను చదివాను అత్తయ్యా."

ఆవిడ తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. ఆ మర్నాడు పాత చీర చింపి, చేతులు తుడుచుకోవడానికి నాలుగు గుడ్డలు చేసి కోడలి సంచిలో పెట్టింది.

మూడోసారి ఆమె తొందరపడలేదు. ముక్కల్ని సన్నని వేడిలో పన్నెండు రోజులు ఆరబెట్టింది. రోజూ తూకం వేసి, వరుసగా మూడు రోజులు బరువు తగ్గకపోయాకే గిన్నెలో పెట్టింది. గాలి తీస్తుంటే రాతిలోంచి బుడగలు వచ్చాయి. అవి రావడం ఆగేదాకా కూర్చుని చూసింది. జిగురు గట్టిపడ్డాక, రంపం తగిలిన పైపొరను నాలుగు మిల్లీమీటర్ల మేర అరగదీసి పారేసి, లోపలి పొర నుంచి పలకలు చేసింది. రంపం రాల్చిన చోట్లలోకి కూడా నీలం పోయింది కదా అని రేపు ఎవరైనా అంటారని ఆమెకు తెలుసు.

తొమ్మిది పలకలూ పూర్తయిన మధ్యాహ్నం మేడాన్ని పిలిచింది. ఏడు నెలల్లో వాళ్ళిద్దరూ అవసరానికి మించి మాట్లాడుకోలేదు. మేడం మైక్రోస్కోపు ముందు కూర్చుని మొదటి పలక పెట్టింది. దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా జరుపుతూ చూసింది.

"నీలం" అంది చివరికి.

స్తంభాల్లా నిలిచిన స్ఫటికాల మధ్య, వాటి పదునైన కొనల్ని తాకుతూ, నీలం ఒక సందులోంచి ఇంకో సందులోకి తెగకుండా పారింది. గోడ పక్కన సన్నని రాతి పేలికలు పొరలు పొరలుగా పూతలో చిక్కుకుని ఉన్నాయి. ఆ పగులు ఒకసారి కాదు, ఎన్నోసార్లు తెరుచుకుందనీ, తెరుచుకున్న ప్రతిసారీ సగం సగం అతుక్కుందనీ మేడం ఫొటో తీసి అందులో వేలుపెట్టి చూపించింది. రెండో పలకలో నీలం. మూడో దాంట్లో కూడా. ఏడు పలకల్లో నీలం ఉంది.

ఎనిమిదో పలకలో లేదు. తొమ్మిదో దాంట్లోనూ లేదు. నీలం లేకపోవడమే కాదు, అసలు ఖాళీయే లేదు. పగులు అంచు నుంచి అంచుకు కాల్సైటుతో నిండి ఉంది.

పలకక్క పాత ఎనిమిదినీ తొమ్మిదినీ తీసి వీటి పక్కన పెట్టమంది. తానే చూసింది. కాల్సైటు మెత్తనిది, పొరలుగా విడిపోయే గుణం ఉన్నది. ఆ ఖాళీల అంచులు చిందరవందరగా, కొరికినట్టు ఉన్నాయి. మొదట చూసినప్పుడు మిగతా ఏడింటి ఊపులో వీటినీ ఆ ట్రేలోనే వేసేసింది.

"ఈ రెండూ నా చేతిలో రాలినవే" అంది.

"రాయమంటారా?" అని మేడం నెమ్మదిగా అడిగింది.

"రాయకపోతే ఎలా? మిగతా ఏడింటికి ఎంత నీలం ఉందో రాస్తారు కదా. వీటికి లేదని రాయండి."

మాట గట్టిగానే అంది కానీ ఆ సాయంత్రం బస్సులో కూర్చుని మళ్ళీ లెక్క వేసుకుంది. పెద్దసారు రాయించిన వాక్యం తొమ్మిదింటిలో రెండింటి విషయంలో నిజం. పూర్తిగా అబద్ధమై ఉంటే ఎంత బాగుండేది.

మేడం ఈసారి ఎవరినీ అడగకుండా అనుబంధం రాసి, ఫొటోలు జోడించి సంతకం పెట్టింది. పెద్దసారు దాన్ని రెండు వారాలు తన దగ్గర ఉంచుకుని, చివరికి పంపించాడు. సొరంగం వాళ్ళ నుంచి అందినట్టు ఒక కార్డు వచ్చింది. అంతే. తవ్వకం అప్పటికే మొదలైంది. పదకొండో బోరు దగ్గర గట్టి గోడ కట్టాలన్న మాట ఏ నక్షాలోనూ చేరలేదు. గోడకు చెప్పుకున్నట్టయిందని పలకక్క మేడంతో అంది. ఇక్కడ ఆ గోడ కూడా లేదని మేడం అంది. అది ఆమె వేసిన మొదటి జోకు.

పద్నాలుగు నెలల తర్వాత తవ్వకం పదకొండో బోరు మేరకు చేరింది. ఒక ఉదయం రాతిని తొలిచే యంత్రం ముందు గోడ చెమర్చింది. మధ్యాహ్నానికి ధారలు కట్టింది. మనుషులంతా బయటికి వచ్చేశారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. యంత్రం మాత్రం నడుము లోతు నీళ్ళలో పదకొండు వారాలు నిలబడిపోయింది. ఊళ్ళో నీళ్ళు రోజు విడిచి రోజు రావడం ఇంకో ఏడాది సాగింది. చేతులు కాలాక విచారణ సంఘం వేశారు.

సంఘంలో ఒక పెద్ద ఇంజినీరు ఉండేవాడు. తెల్లజుట్టు, మాట తక్కువ మనిషి. ఆయన ల్యాబుకు వచ్చి పలకలన్నీ బల్ల మీద పరిచి పెట్టమన్నాడు. పెద్దసారు, "మేం అనుబంధంలో ముందే చెప్పాం" అని మూడుసార్లు అన్నాడు. ఇంజినీరు వినీ విననట్టుండి, "ఇవి ఎవరు చేశారు?" అని అడిగాడు. పలకక్కను పిలిచారు.

"తొమ్మిదింటిలో రెండు వేరుగా ఉన్నాయి. ఎందుకు?"

"అవి నా చేతి తప్పు సార్. మొదటిసారి చేసినప్పుడు కాల్సైటు రాలింది."

"ఏడు కూడా అలా రాలి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు. అందుకే రెండో సగాల నుంచి మళ్ళీ చేశాను. రాలినవి రెండోసారి కనిపించలేదు. కొండలో ఉన్నవి కనిపించాయి."

ఆయన పాత ఎనిమిదో పలకనూ కొత్త ఎనిమిదో పలకనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత మొదటి పలక చూశాడు. ఆ తర్వాత ఆమెను ఇంకేమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు, "ఈ రెండూ మీరు దాచి ఉంటే నేను ఏడింటినీ నమ్మేవాడిని కాదు" అన్నాడు.

విచారణ నివేదిక వచ్చింది. బోరు వేసినప్పటి బురద పగుళ్ళ నోళ్ళను మూయడం వల్లే అప్పట్లో పోసిన నీళ్ళు ఇంకలేదని అందులో తేల్చారు. తప్పు ఎవరిదన్న చోట "విభాగాల మధ్య సమాచారం అందడంలో జాప్యం" అని ఉంది. జాప్యానికి పేరూ లేదు, కుర్చీ కూడా లేదు. ఇకపై పగుళ్ళున్న ఏ రాతికీ నీలం ఎక్కించకుండా పలక చేయరాదన్న నియమం మాత్రం ఒకటి వచ్చింది. నియమం కాగితం గోడకు అంటించడానికి పెద్దసారు స్వయంగా వచ్చాడు. ఆమె పలకలేదు. చక్రం తిరగడం లేదు, అయినా పలకలేదు.

ఆమెకు కావాల్సింది వేరే. మొదటి రిపోర్టులోని ఆ వాక్యాన్ని కొట్టివేయాలి. "తొమ్మిది" అన్న చోట "రెండు" అని ఉండాలి. ఆమోదం పొందిన రిపోర్టును మార్చడం కుదరదని జవాబు వచ్చింది. సంతకం చేసినవాళ్ళు కోరితే సవరణ కాగితం జతచేయవచ్చన్నారు. మేడం కోరింది. పెద్దసారు కూడా సంతకం చేయాలి. ఆయనకు ఈలోగా బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఆ సంగతి తన హయాంలోది కాదన్నాడు. బదిలీ అయిన చోటికి మేడం స్వయంగా వెళ్ళి సంతకం తెచ్చింది. ఆయన ఎందుకు పెట్టాడో తెలియదు. "అక్క ఇంకా ఆ పట్టు వదల్లేదా?" అని మాత్రం అన్నాడట.

సవరణ కాగితం అచ్చయి, ల్యాబు ఫైల్లో చేరింది.

"రిపోర్టు ఎన్ని ప్రతులు వేశారు?" అని పలకక్క గుమాస్తాను అడిగింది.

"పదకొండు."

"మిగతా పదీ ఎక్కడున్నాయి?"

గుమాస్తా పెన్ను కింద పెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె కదల్లేదు. అతను స్టోరు కీపరు స్నేహితుడు, ఆ స్టూలు కథ విన్నాడు. వెంటనే జాబితా తీసిచ్చాడు.

పదిమందికీ సవరణ కాగితాన్ని ఆమె విడివిడిగా పంపింది. ప్రతిదానితోనూ, ఏ పేజీలో ఏ వాక్యం పక్కన అతికించాలో ఒక చీటీ రాసి పెట్టింది. ఇప్పటికి నాలుగు చోట్ల నుంచి అతికించామని జవాబు వచ్చింది. ఒకరు అసలు ఆ రిపోర్టే తమ దగ్గర లేదన్నారు. ఐదుగురు ఉలకలేదు, పలకలేదు. వారానికి ఒక ఆఫీసు చొప్పున, భోజన విరామంలో, ఆమె ఫోన్ చేస్తోంది. అవతల ఎవరో ఎత్తి, ఏ రిపోర్టు అని, ఏ విభాగం అని, మళ్ళీ చేయండి అని అంటారు. ఆమె పేజీ నంబరు చెబుతుంది. వాళ్ళు పెట్టేస్తారు. ఆమె జాబితాలో తేదీ వేసి చక్రం దగ్గరికి వెళుతుంది. అక్కడ మేడం చేతులు మోచేతుల దాకా రాతి బురదతో నిలబడి ఉంటుంది. పలక చేయడం నేర్పమని తనే అడిగింది. వరుసగా ఆరు పలకలు గాజు దాకా అరగదీసేసింది.

"ఇదీ పోయింది అక్కా."

"కనిపిస్తూనే ఉంది. ఇంకో ముక్క తీయండి."